కరువు తరిమితేనే వలసా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వాతావరణ మార్పుకూ మనుషుల వలసకూ ఉన్న సంబంధం గురించి పరిశోధకులు ఏమంటున్నారో చెప్పమని ఈ రెండు నెలల్లో చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే మాట అడిగిన వాటిని కలిపి, ఏడు ప్రశ్నలుగా చేసి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి అందరినీ ఊరి పేరుతోనే గుర్తిస్తున్నాను.

ప్రశ్న: 2050 నాటికి 20 కోట్లమంది వాతావరణ శరణార్థులు అవుతారని పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఈ అంకెను ఎవరు, ఎలా లెక్కగట్టారు? దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు? – డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఈ అంకెకు మూలపురుషుడు నార్మన్ మైయర్స్ అనే బ్రిటిష్ పర్యావరణవేత్త. 1990లలో ఆయన వేసిన అంచనాను 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ రాసిన నివేదిక కూడా ఉదహరించడంతో దానికి అధికార ముద్ర పడినట్టయింది. మైయర్స్ అనుసరించిన పద్ధతి ఇది: సముద్రమట్టం పెరిగితే మునిగే తీరాలను, కరువు ముదిరే ప్రాంతాలను గుర్తించి, ముందుముందు అక్కడ ఎంత జనాభా ఉంటుందో లెక్కవేసి, వారందరూ ఇల్లు వదిలిపోవలసినవారే అని తీసుకోవడం. ఆ విధంగా ప్రమాదం అంచున ఉన్నవారి సంఖ్యే వలసపోయేవారి సంఖ్య అయిపోయింది. ఈ లెక్కలో ఊహకు చాలా చోటిచ్చానని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. మన అనుభవంతోనే పోల్చి చూడండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. అంతకు మించిన ప్రమాదాన్ని ఊహించడం కూడా కష్టం. అయినా దివిసీమ ఈనాడు నిర్జనంగా లేదు, పొలాలు బీడు పడలేదు.

2010 నాటికే 5 కోట్లమంది పర్యావరణ శరణార్థులు ఉంటారన్న మరో అంచనా ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వెబ్‌సైట్‌లో పటంతో సహా ఉండేది. గడువు దాటాక, 2011లో, ఆ పటంలో గుర్తించిన కొన్ని ద్వీపాల జనగణన వివరాలు తీసి చూస్తే అక్కడ జనాభా తగ్గకపోగా పెరిగిందని తేలింది. పటం చప్పుడు చేయకుండా వెబ్‌సైట్ నుంచి మాయమైంది.

ఇప్పుడు ఎక్కువగా ఉదహరించేది ప్రపంచ బ్యాంకు ‘గ్రౌండ్‌స్వెల్’ నివేదికలను. 2021లో వచ్చిన రెండో భాగం, ఆరు ప్రాంతాల్లో కలిపి 2050 నాటికి 21.6 కోట్లమంది దాకా తమ దేశం లోపలే చోటు మారవచ్చని చెప్పింది. మైయర్స్ అంకెకు దగ్గరగా కనిపించినా ఇది వేరే జాతి లెక్క. భూభాగాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, నీటి లభ్యత, పంట దిగుబడి, సముద్రమట్టం మారితే ఏ గడిలో జనం పలచబడతారో, ఏ గడిలో చిక్కబడతారో నమూనాలతో చూసిన అంచనా ఇది. పైగా 21.6 కోట్లు అనేది అన్నిటికంటే గడ్డు పరిస్థితికి చెందిన అంకె. అదే నివేదికలో మెరుగైన పరిస్థితికి 4.4 కోట్లు అన్న అంకె కూడా ఉంది. పత్రికల శీర్షికల్లోకి మొదటిది ఎక్కింది, రెండోది ఎక్కలేదు.

ఇంకొక లెక్క జెనీవాలోని అంతర్గత నిర్వాసితుల పర్యవేక్షణ కేంద్రానిది. విపత్తుల వల్ల 2024లో 4.58 కోట్ల నిర్వాసనలు, అంటే ఇల్లు విడిచి కదిలిన సందర్భాలు, జరిగాయని ఆ సంస్థ నమోదు చేసింది. ఇది మనుషుల సంఖ్య కాదని గమనించాలి. తుపాను హెచ్చరిక రాగానే ఒక కుటుంబం రెండు రాత్రులు బడిలోని పునరావాస కేంద్రంలో తలదాచుకుని తిరిగి వచ్చినా ఇందులో చేరుతుంది. అదే కుటుంబం ఏడాదిలో రెండుసార్లు కదిలితే రెండుసార్లు చేరుతుంది. ఆ ఏడాది ముగిసేనాటికి విపత్తుల కారణంగా ఇంకా ఇళ్లకు దూరంగానే ఉన్నవారు సుమారు 98 లక్షలమంది. పరీక్షలో ఏ అంకె రాసినా, అది దేన్ని లెక్కపెట్టిన అంకో పక్కనే ఒక వాక్యం రాయండి.

ప్రశ్న: మా మండలంలో ఏటా దసరా దాటాక జనం సుగ్గికి పోవడం మొదలుపెడతారు. సంక్రాంతి వెళ్లేసరికి మా తరగతిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. వానలు లేక పోతున్నారని చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. దీనికి పరిశోధనలు దేనికి? ఇది వాతావరణ వలస అని ఒప్పుకుంటే సరిపోదా? – ఉపాధ్యాయుడు, కోసిగి మండలం, కర్నూలు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలోని ‘సుగ్గి’ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు మాత్రం అది గుంటూరు, పల్నాడు మిరప కోతలకో పత్తి తీతలకో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పోవడానికి పేరైంది. సొంత ఊళ్లో పని లేని కాలానికి ఎదుటివారి ఊళ్లోని పంట పేరు పెట్టుకున్నారన్నమాట. వలసకు వెనుక నుంచి నెట్టే చెయ్యి ఒకటి, ముందు నుంచి పిలిచే చెయ్యి ఒకటి ఉంటాయని పరిశోధకులు చాలా పేజీల్లో చెప్పేది ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. మీ దగ్గర వాన బాగా పడిన ఏడాది కూడా గుంటూరులో మిరప ధర బాగుంటే సుగ్గికి పోయేవారు ఉంటారు కదా. వారిని ఏ లెక్కలో వేస్తారు?

రెండో చిక్కు వాతావరణ మార్పు అన్న మాటలో ఉంది. ఒక ఏడాది నైరుతి ముఖం చాటేయడం వేరు, దశాబ్దాల మీద సగటు ఉష్ణోగ్రతా వర్షపాతమూ మారడం వేరు. మీ ప్రాంతానికి అనావృష్టి కొత్త కాదు. 1876–78 నాటి ధాత కరువులో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో అతి ఘోరంగా దెబ్బతిన్నవాటిలో, ఆదోని తాలూకా ఆనాడు ఉన్న బళ్లారి జిల్లా ఒకటి. అప్పుడూ జనం కదిలారు. అందువల్ల ఈనాటి సుగ్గిలో ఎంత భాగం పాత అనావృష్టిది, ఎంత భాగం భూమి వేడెక్కడం వల్ల కొత్తగా కలిసినది అని విడదీయడం కళ్లతో చూస్తే అయ్యే పని కాదు. నిజానికి ‘వాతావరణ మార్పు – వలస’ పేరుతో వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం కొలిచింది ఏటేటా వచ్చే వాన ఒడుదొడుకులకు మనుషులు ఎలా స్పందించారన్నదే. దాని ఆధారంగా రాబోయే మార్పుకూ అలాగే స్పందిస్తారని ఊహిస్తారు. ఇలా ఒకదాని నుంచి ఇంకోదానికి దూకడం అన్నిసార్లూ సమంజసం కాదని నా అభిప్రాయం.

మూడోది, కారణం అడిగే తీరు. చాలా ఏళ్ల కిందట పాలమూరు వైపు ఒక ఇంటింటి సర్వేలో నేను పనిచేశాను. ప్రశ్నావళిలో ‘వలసకు కారణం’ అని ఒక గడి, అందులో ఒకే ఒక కోడ్ వేయాలి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, “వానల్లేక పోతున్నం సారూ” అన్నాడు. కోడ్ వేశాను. చాయ్ వచ్చేలోగా, రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయని, ఆ బాకీ కోసం, కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నానని చెప్పుకొచ్చాడు. నేను లేవబోతుంటే గడప లోపలి నుంచి ఆయన భార్య, “పెద్దపిల్ల లగ్గం ముచ్చట చెప్పవేంది?” అంది. వాన, బోరు, బాకీ, పెళ్లి అన్నీ ఉన్నాయి. నా కాగితం మీద మాత్రం మొదటి కోడే మిగిలింది. దేశమంతటి జనగణన కూడా దీనికి అతీతం కాదు. 2011 జనగణనలో వలసకు ఇచ్చిన కారణాల జాబితాలో ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టిన తర్వాత తరలడం, కుటుంబంతో తరలడం, ఇతరం అని ఉన్నాయే గాని కరువు, వరద అన్న మాట లేదు. నాలుగు నెలలు పోయి వచ్చే మీ సుగ్గివారు అందులో చాలావరకు నమోదే కారు.

అందుకే ఒకే ఊరిని, ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడించే అధ్యయనాలకు విలువ. ఈ విషయంలో మనకు గర్వించదగిన వారసత్వం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుని ఒక్కో ఊళ్లో 40 కుటుంబాల ఆదాయ వ్యయాలను, పంటలను, కూలిని వరుసగా నమోదు చేయడం మొదలుపెట్టింది. వాటిలో రెండు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆరెపల్లి, దోకూరు. సర్వే చేసేవారు ఊళ్లోనే కాపురం ఉండి కొన్ని వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లేవారు. ఆ సమాచారం మీద ఈనాటికీ ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నారు.

ఇలాంటి దీర్ఘకాల సమాచారం తెచ్చిన ఫలితాలు మన ఊహలను కొంత తలకిందులు చేస్తాయి. పశ్చిమ ఆఫ్రికా దేశం మాలీలో 1983–85 కరువు కాలాన్ని చదివిన శాలీ ఫిండ్లీ, మొత్తం వలస పెరగలేదని, దూరదేశాలకు పోవడం తగ్గి దగ్గరి చోట్లకు కొద్ది కాలం పోయి రావడం పెరిగిందని, ఆడవారూ పిల్లలూ ఎక్కువగా కదిలారని చూపారు. దూరం పోవాలంటే చార్జీలు కావాలి, చేతిలో నాలుగు డబ్బులు కావాలి. కరువు మొదట తినేది వాటినే. క్రిస్టీనా కటానియో, జొవాన్ని పెరి 1960 నుంచి 2000 వరకు 115 దేశాల సమాచారం చూసి, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు మధ్యస్థాయి ఆదాయ దేశాల్లో వలస పెరిగిందనీ నిరుపేద దేశాల్లో తగ్గిందనీ 2016లో ప్రకటించారు. అంటే వాతావరణం దెబ్బ తీస్తే కాళ్లకు చక్రాలు రావచ్చు, సంకెళ్లూ పడవచ్చు. ఏది జరుగుతుందన్నది ఆ ఇంటి ఆర్థిక స్థితి మీద ఆధారపడి ఉంటుంది.

పాకిస్తాన్ పల్లెల మీద వాలరీ మ్యూలర్, క్లార్క్ గ్రే, కత్రీనా కోసెక్ 2014లో వెలువరించిన అధ్యయనం మీకు ప్రత్యేకంగా పనికివస్తుంది. 21 ఏళ్లపాటు వెంబడించిన కుటుంబాల్లో, పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే వరదల ప్రభావం శాశ్వత వలస మీద నామమాత్రం. మగవారిని ఊరు విడిపించింది ఎండ. వరద వస్తే సహాయం వస్తుంది, హెలికాప్టర్లు వస్తాయి. గోధుమ పాలుపోసుకునే వేళ వేడి పెరిగి దిగుబడి పడిపోతే పలకరించే నాథుడు ఉండడు, నష్టపరిహారం రాసే అధికారి రాడు. బంగ్లాదేశ్‌లోనూ గ్రే, మ్యూలర్‌లే 2012లో ఇటువంటి సంగతే చెప్పారు: వరద కంటే, వరదతో సంబంధం లేకుండా పంట పోయిన ఏళ్లే మనుషులను ఎక్కువగా కదిలించాయి.

కాబట్టి మీ బడి ఖాళీ బెంచీల వెనుక వాన లేదని నేను అనడం లేదు. వలసపోయేవారి పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టల్‌లో ఉండిపోయిన పిల్లవాడి ఇంటికీ, తల్లిదండ్రుల వెంట మిరపచేలకు పోయిన పిల్లవాడి ఇంటికీ పడిన వాన ఒకటే. తేడా ఎక్కడుందో కనిపెట్టడమే పరిశోధన పని, ఆ తేడా మీకు మా అందరికంటే బాగా తెలుసు.

ప్రశ్న: మన దేశంలో ఆడవాళ్ల వలసకు ప్రధాన కారణం పెళ్లి అని చదివాను. వాతావరణంతో దానికి ఏ సంబంధమూ ఉండదు కాబట్టి పరిశోధకులు దాన్ని పక్కన పెట్టడం న్యాయమే కదా? – అంగన్‌వాడీ కార్యకర్త, వనపర్తి

జవాబు: పక్కన పెట్టకుండా చూసినవారు ఇద్దరున్నారు, అదీ మీ పక్క ఊళ్లలోనే. పైన చెప్పిన ఇక్రిశాట్ సమాచారంతో మార్క్ రోజెన్‌వైగ్, ఒడెడ్ స్టార్క్ 1989లో ఒక వ్యాసం ప్రచురించారు. దగ్గరి ఊళ్లలో వాన ఒకేలా పడుతుంది, ఎండినా అన్నీ ఒకేసారి ఎండుతాయి. కూతుర్ని దూరపు ఊరికి ఇస్తే, ఇక్కడ పంట పోయిన ఏడు అక్కడ పండే అవకాశం ఉంటుంది. కష్టకాలంలో వియ్యంకుడి ఇంటి నుంచి నాలుగు బస్తాలు రావచ్చు. పంట రాబడి నిలకడగా లేని రైతులే దూరపు సంబంధాలు ఎక్కువగా చేశారని, అలా చేసిన ఇళ్లలో తిండి ఖర్చు ఏటేటా ఒడుదొడుకులు పడకుండా నిలకడగా ఉందని వారు లెక్కలతో చూపారు.

పెళ్లి చూపులకు వెళ్లినప్పుడు “మీ వైపు నీళ్లెట్లా?” అని అడగడం మన పెద్దలకు అలవాటే. అది మర్యాదకు అడిగే ప్రశ్న అని నేనూ చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అయితే ఈ అధ్యయనాన్ని మేనరికాలు ఎక్కువగా ఉన్న ఊళ్లకు అట్లాగే అన్వయించకూడదు. అక్కడ సంబంధాల దూరాన్ని నిర్ణయించేది బంధుత్వం. ఇంకొక మాట: మగవారు పోయి ఆడవారు ఊళ్లో మిగిలిపోయిన ఇళ్లను వలస అధ్యయనాలు చాలాకాలం పట్టించుకోలేదు. బొంబాయి బస్సు ఎక్కినవాణ్ణి లెక్కపెట్టారు. పొలం, పశువులు, అత్తమామలు, బాకీవాడు అందరినీ ఒంటిచేత్తో చూసుకున్న మనిషి ‘వలసపోనివారు’ అన్న గడిలో చేరి ఊరుకుంది.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఊరు ఉప్పాడ. సముద్రం వీధి తరువాత వీధిని లాగేసుకుంటోంది. అయినా మా వాళ్లు ఒక వీధి వెనక్కి జరుగుతారే గాని ఊరు వదలరు. పరిశోధకుల లెక్కలో వీరికి చోటుందా? – గృహిణి, కాకినాడ

జవాబు: చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. 2011లో బ్రిటన్ ప్రభుత్వ శాస్త్ర విభాగం ‘ఫోర్‌సైట్’ పేరుతో ఒక పెద్ద నివేదిక తెచ్చింది. వలసను ఆర్థిక, సామాజిక, రాజకీయ, జనాభా, పర్యావరణ కారణాలు కలిసి నిర్ణయిస్తాయనీ, పర్యావరణం చాలాసార్లు మిగతా నాలుగింటి ద్వారానే పనిచేస్తుందనీ అది చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, కదలాలని ఉన్నా కదలలేక ప్రమాదంలోనే చిక్కుకుపోయేవారు, వలసపోయేవారికి తీసిపోనంత పెద్ద సమస్య అని చూపింది. ఆ తర్వాతే ‘చిక్కుకున్న జనం’ అన్న మాట పరిశోధనలో స్థిరపడింది.

అయితే ఉండిపోయినవారందరూ చిక్కుకున్నవారే అనడం కూడా తొందరపాటని తర్వాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. మీ బంధువులనే తీసుకోండి. పడవ ఒడ్డున ఉంటుంది, వల ఆరబెట్టే చోటు ఒడ్డున ఉంటుంది, తెల్లవారుజామున చేపల బేరం ఒడ్డునే సాగుతుంది. ఒడ్డుకు అయిదారు మైళ్ల దూరాన పక్కా ఇల్లు ఇస్తే రాత్రి పడుకోవడానికి బాగుంటుంది, వేట మాత్రం సాగదు. వారు ప్రమాదం తెలియక ఉండిపోవడం లేదు. రెండు నష్టాలను తూచి, ఒకదాన్ని ఎంచుకున్నారు.

ఒడిశాలోని కేంద్రపడా తీరంలో సాతభాయా అనే ఊళ్ల గుంపు ఉండేది. ఏడుగురు అన్నదమ్ములు అని ఆ పేరుకు అర్థం. సముద్రం ఒక్కొక్కటే మింగుతూ వచ్చాక, మిగిలిన కుటుంబాలను ప్రభుత్వం బాగపాటియా అనే కాలనీకి తరలించింది. ఇంటి స్థలాలు ఇచ్చారు గాని సాగుకు భూమి లేకపోవడంతో, అక్కడి మగవారు చాలామంది కూలికి కేరళ వంటి చోట్లకు దారి పట్టారు. వలస తప్పించడానికి చేసిన తరలింపు ఇంకో వలసకు దారి తీయడమన్నమాట. ఉప్పాడ గురించి ఎవరైనా ప్రణాళిక వేస్తే మొదట చూసి రావలసిన ఊరు అది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఉప్పాడ కోతను మొత్తం పెరుగుతున్న సముద్రమట్టం ఖాతాలో వేయలేము. కృష్ణా, గోదావరి ముఖద్వారాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పని, ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల డెల్టా తీరాలు వెనక్కి పోతున్నాయని చూపింది. కాకినాడకు ఎదురుగా పెరుగుతున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలల తాకిడిని ఉప్పాడ వైపు మళ్లిస్తోందన్న వాదన కూడా ఉంది. అన్నిటికీ వాతావరణ మార్పే కారణమంటే, జవాబు చెప్పవలసిన కొందరు సులువుగా తప్పించుకుంటారు.

ప్రశ్న: నేను ఆక్లండ్‌లో ఉంటున్నాను. మునిగిపోతున్న పసిఫిక్ ద్వీపాల నుంచి వచ్చేవారిని శరణార్థులుగా గుర్తిస్తారా? ఇక్కడ కిరిబాస్ మనిషి కేసు గురించి చెప్పుకోవడం విన్నాను. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజిలాండ్

జవాబు: 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి అంటే జాతి, మతం, పౌరసత్వం, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఒకదాని వల్ల పీడనకు భయపడి దేశం దాటినవారు. ఉప్పునీరు బావిలోకి రావడం ఆ అయిదింటిలో లేదు. అందుకే ‘వాతావరణ శరణార్థి’ అన్న మాట పత్రికల్లో ఎంత వాడినా చట్టంలో దానికి ఉనికి లేదు.

మీరు విన్నది యోనే టెయిటియోటా కేసు. పసిఫిక్ ద్వీపదేశం కిరిబాస్‌కు చెందిన ఆయన వీసా గడువు ముగిశాక న్యూజిలాండ్‌లో శరణు కోరారు. అక్కడి సుప్రీంకోర్టు 2015లో తిరస్కరించింది, ప్రభుత్వం ఆయనను తిప్పి పంపింది. ఆయన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీని ఆశ్రయించారు. 2020 జనవరిలో వెలువడిన నిర్ణయంలో ఆయన ఓడిపోయారు. ద్వీపం నివాసయోగ్యం కాకుండా పోవడానికి పది పదిహేనేళ్లు పట్టవచ్చనీ, ఆలోగా రక్షణ చర్యలకు వ్యవధి ఉందనీ కమిటీ అంది. కానీ వాతావరణ మార్పు వల్ల ప్రాణానికి ముప్పు ఏర్పడే పరిస్థితిలోకి ఒక మనిషిని తిప్పి పంపడం జీవించే హక్కుకు భంగం కావచ్చన్న సూత్రాన్ని అదే నిర్ణయంలో అంగీకరించింది. న్యాయశాస్త్ర పరిశోధకులు ఈ కేసు మీద అంతగా రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

మరో పసిఫిక్ ద్వీపదేశం టువాలు వేరే దారి చూసుకుంది. 2023 నవంబరులో ఆస్ట్రేలియాతో కుదుర్చుకుని, 2024 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ఫలెపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది టువాలు పౌరులు ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసానికి వెళ్లవచ్చు. ఎంపిక లాటరీ పద్ధతిలో. 11 వేలకు మించని జనాభా ఉన్న దేశానికి ఇది చిన్న సంఖ్య కాదు. ఒప్పందంలో శరణార్థి అన్న ప్రసక్తి ఎక్కడా లేదు. ఆ పేరంటే టువాలు, కిరిబాస్ ప్రజలు చాలామందికి కిట్టదు. పని నేర్చి, టికెట్టు కొనుక్కుని, తలెత్తుకుని పోతామన్నది కిరిబాస్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో అనోటె టోంగ్ చేపట్టిన విధానం.

ప్రశ్న: సిరియా అంతర్యుద్ధానికి కరువు వలసలే కారణమని ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: నిరూపణ కాలేదు. 2015లో కాలిన్ కెల్లీ బృందం, 2007 నుంచి 2010 దాకా సాగిన తీవ్రమైన కరువు వల్ల 15 లక్షలమంది పల్లెల నుంచి నగరాలకు చేరారనీ, అది తిరుగుబాటుకు దోహదం చేసిందనీ రాసింది. 2017లో జాన్ సెల్బీ, ఒమర్ దాహీ, క్రిస్టియానే ఫ్రోలిక్, మైక్ హల్మ్ దీన్ని విడమరచి పరిశీలించారు. 15 లక్షలన్న అంకెకు ఆధారం బలహీనమని, కరువు వల్ల కదిలినవి 40 వేల నుంచి 60 వేల కుటుంబాలు కావచ్చని, ఈశాన్య సిరియాలో భూగర్భజలాలను అప్పటికే తోడేశారని, డీజిల్ మీద సబ్సిడీని ప్రభుత్వం 2008లో తగ్గించడం రైతును కరువుతో సమానంగా దెబ్బతీసిందని చూపారు. 2011 మార్చిలో తిరుగుబాటు మొదలైన దరా పట్టణంలో వీధుల్లోకి వచ్చిన జనం అడిగినవి రాజకీయ స్వేచ్ఛలు; నిర్బంధించిన పిల్లలను విడిచిపెట్టమని అడిగారు. కరువు వాస్తవం, వలస వాస్తవం. వాటి నుంచి యుద్ధానికి గీసిన గీత మాత్రం చాలా సన్నం. ఇంత సన్నని గీత ప్రసంగాల్లో లావెక్కడానికి కారణం, వలసవచ్చినవారంటే యూరప్‌లో ఉన్న భయమని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: ఆదోని ప్రాంతపు వలసల మీద పరిశోధన మొదలుపెడుతున్నాను. గణాంక పద్ధతుల్లో చాలామంది చేసే పొరపాటు ఏమిటి? క్షేత్రంలో దేనికి జాగ్రత్తపడాలి? – పరిశోధక విద్యార్థి, అనంతపురం

జవాబు: మొదటి దానికి ఒక పాఠం చెబుతాను. 2010లో ఫెంగ్, క్రూగర్, ఓపెన్‌హైమర్ మెక్సికో రాష్ట్రాల సమాచారంతో, పంట దిగుబడి 10 శాతం తగ్గితే జనాభాలో మరో 2 శాతం అమెరికాకు పోతారని లెక్కతేల్చారు. ప్రపంచమంతటా వార్త అయింది. రెండేళ్లకు ఆఫ్‌హామర్, విన్సెంట్ అదే సమాచారం తీసుకుని, అన్ని రాష్ట్రాలనూ ఒకేసారి తాకిన సంవత్సరాల ప్రభావాన్ని లెక్కలో చేర్చారు. 1990ల మధ్యలో మెక్సికోలో అక్కడి కరెన్సీ పెసో విలువ పతనమైంది, అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్యం మొదలైంది. వాటిని చేర్చేసరికి దిగుబడి ప్రభావం చెప్పుకోదగినంత మిగలలేదు. మీ దగ్గర ఆ పాత్రను ఉపాధి హామీ పనుల రాకపోకలు, మిరప ధర, తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీరు చేరడమో చేరకపోవడమో పోషించవచ్చు. వాన ఒక్కదాన్నే గ్రాఫు మీద పెట్టకండి.

క్షేత్రానికి వస్తే, మండల కేంద్రంలోని వానమాపకాన్ని నమ్ముకోకండి. ఊరికి ఒక వైపు పొలం తడిసి ఇంకో వైపు తడవకపోవడం అక్కడ మామూలే. ‘ఏ నెలలో వెళ్లారు’ అని అడిగితే జవాబు రాదు. పీర్ల పండుగకు ఊళ్లో ఉన్నారా, శివరాత్రికి ఎక్కడున్నారు, ఉగాదికి వచ్చారా అని అడగండి. ఏడాది క్యాలెండరు దానంతట అదే నిండుతుంది. కారణం గడిలో ఒకే కోడ్ పెట్టకండి, ఇంట్లో ఆడవారిని విడిగా అడగండి. పోనివారి ఇళ్లనూ పోయినవారి ఇళ్లంత శ్రద్ధగా రాసుకోండి. ముసలివారు, అడ్వాన్సు పుట్టనివారు, రోగిని విడిచిపోలేనివారు అక్కడ కనిపిస్తారు.

మొదటి విడత దసరాకు ముందే ముగించండి, ఆ తర్వాత వెళితే తలుపులకు తాళాలే ఉంటాయి. రెండో విడత ఆదోనిలో పెట్టుకోవద్దు. జనవరి ఆఖరికి గుంటూరు, పల్నాడు మిరపచేల గట్ల మీద గుడారాలు వేసుకుని ఉండేది మీరు సెప్టెంబరులో కలిసినవారే. సాయంత్రం కోత ముగిసి, ఘాటుకు మండే చేతులు కడుక్కుని వంటకు కూర్చునే వేళ మాట్లాడతారు. కాబట్టి మొదటిసారే ప్రతి ఇంటి ఫోన్ నంబరుతో పాటు వారిని తీసుకుపోయే మేస్త్రి నంబరు కూడా రాసుకోండి.